ఒకే కాడికి రెండు కార్లు

గుమ్మడిలంకలో ఆలోచనవారి ఇల్లు ఏదని అడిగితే, చిన్నపిల్లలు సైతం నవ్వకుండా దారి చూపలేరు. వారి అసలు ఇంటిపేరు వేరు. ఏ పని చేయవలసి వచ్చినా ఇంట్లోని ముగ్గురూ ముందుగా అరుగుమీద చేరి ఆలోచిస్తారు గనుక ఊరు వారికి ఆ పేరు పెట్టినది. పెట్టినవారు ఎగతాళికి పెట్టినారు. పెట్టించుకొన్నవారు బిరుదుగా స్వీకరించినారు.

"తెలివి అనేది నూతిలో ఊట వంటిది నరసాంబా! మన నూతిలో ఊరినంతగా ఈ లంకలో మరెవ్వరి నూతిలోనూ ఊరలేదు" అని ఇంటిపెద్ద గవరయ్య ప్రతి ఉదయమూ కాఫీ వేళకు భార్యతో అనేవాడు.

"గట్టు కట్టించారు గనుక సరిపోయిందండీ, లేకపోతే వీధిలోకి పొర్లిపోయేది" అని నరసాంబ మురిసిపోయేది.

"అందుకే కదా వదినా నేను పెళ్ళి మానుకొన్నాను. వచ్చిన పిల్ల ఇంత తెలివి మధ్యన ఎలా ఈదుతుంది?" అని గవరయ్య తమ్ముడు చిదంబరం గ్లాసులో అడుగున మిగిలిన పంచదారను వేలితో తీసి నాకేవాడు.

వారి తెలివికి నిదర్శనాలు లేకపోలేదు. వానాకాలంలో ఇల్లు కారితే ముగ్గురూ ఇంట్లో గొడుగులు వేసుకొని తిరిగేవారు. వీధిలోకి వెళ్ళేటప్పుడు గొడుగు ముడిచి ఇంట్లో పెట్టి వెళ్ళేవారు. ఇంటి గొడుగు ఇంటికే గాని వీధికి ఎందుకని వారి వాదము.

అటువంటి ఇంటికి ఒకనాడు రాజమహేంద్రవరము నుండి కొడుకు సూర్యం ఫోను చేసినాడు. "అమ్మా, గురువారం పాపకు బారసాల. పదకొండింటికి ముహూర్తం. మన పనసకర్ర ఊయల తీసుకొని మా ఇంటికి వచ్చేయండి. నీ చేతులతోనే పాపను అందులో వేయాలి. తప్పకుండా రావాలి సుమా!"

"తప్పకుండా వస్తాం నాయనా. ఆలోచనవారు మాట ఇస్తే తిరుగు లేదు" అన్నది నరసాంబ.

ఫోను పెట్టినది మొదలు ఆమె కాళ్ళు నేలమీద నిలువలేదు. ఆ ఊయలలోనే గవరయ్య పడుకొన్నాడు, చిదంబరం పడుకొన్నాడు, సూర్యమూ పడుకొన్నాడు. ఇప్పుడు మనుమరాలు. అటుకమీద నుండి దానిని దించి, చింతపండుతో ఇత్తడి గొలుసులు తోమి, తమలపాకు వంటి పాత చీర మడతపెట్టి అందులో పరిచి, ఎవ్వరూ చూడకుండా ఒకసారి ఉత్త ఊయలనే ఊపి, జోల కూడా పాడి చూచుకొన్నది. ముహూర్తానికి తాను చేరకపోతే, ఆ పిల్లను మరెవరో, మరే బజారు ఊయలలోనో వేస్తారు. ఆ తలపుకే ఆమెకు అన్నం సయించలేదు.

అయితే అంత ఊయల బస్సులో పట్టదు. అరుగుమీద ముగ్గురూ కూర్చుండి ఆలోచించినారు. ఎప్పటినుండో అనుకొంటున్న కారును ఇప్పుడే కొనివేయాలని తీర్మానించినారు.

ఆ ఇంట ఒకే వస్తువును చూచి కొనే ఆచారము లేదు. దోసకాయైనా సరే, దున్నపోతైనా సరే, రెంటిని తెప్పించి, పోల్చి, ఒక్కదానిని ఉంచుకొనవలసినదే. అందుచేత గురువారము తెల్లవారేసరికి బస్తీలోని కార్ల వ్యాపారి సుభానీ రెండు కార్లను తెచ్చి వారి వాకిట నిలిపినాడు.

ఒకటి ఎర్రనిది. అరవై ఏళ్ళనాటి అమెరికా బండి. ఎవరో సినిమావారు చిత్రీకరణకని తెప్పించి, పని కాగానే వదిలివేసినది. పడవంత పొడవు, అందులో సగము ముందరి మూతయే. తలుపులు రెండే. తాళము తిప్పగానే మేఘము ఉరిమినట్లు గర్జించినది. దొడ్డిలో కోళ్ళు చెట్టెక్కినవి. రెండవది తెల్లనిది. నిరుడు వచ్చిన చిన్న కుటుంబపు కారు. అయిదుగురు కూర్చోవచ్చును. తాళము తిప్పితే నడుస్తున్నదో నిద్రపోతున్నదో తెలియదు.

"అయ్యగారూ, రెండూ మంచివే. ఎర్రదానిది మూడువందల గుర్రాల బలం. తెల్లదానిది ఎనభై గుర్రాలు" అన్నాడు సుభానీ.

అన్నదమ్ములు ముఖముఖాలు చూచుకొన్నారు. చిదంబరం ఎర్రకారు మూతకు చెవి ఆనించి విన్నాడు.

"ఉన్నాయన్నయ్యా! లోపల సకిలిస్తున్నాయి. ఆకలిమీద ఉన్నట్టున్నాయి."

"మరి తెల్లదానిలోవి?"

చిదంబరం దానికీ చెవి ఆనించినాడు. "చడీచప్పుడూ లేదు. పాపం, సొమ్మసిల్లిపోయాయి."

అంతే! నరసాంబ గుండె కరిగిపోయినది. నోరులేని జీవాలు, ఎంత దూరము నుండి వచ్చినవో! లోపలికి పరుగెత్తి, రాత్రి చారుకని నానబెట్టిన ఉలవలు గంగాళముతో సహా తెచ్చి రెండు కార్ల ముందూ కుప్పలుగా పోసినది.

"అమ్మగారూ, ఇవి ఉలవలు తినవండి. ఇవి పెట్రోలు తాగుతాయి" అని సుభానీ మొత్తుకొన్నాడు.

"తాగడం సరేనయ్యా, నంజుకోవడానికి ఏమైనా ఉండొద్దా?" అన్నది నరసాంబ. "ఎర్రది ఎంత తాగుతుందేమిటి?"

"అబద్ధం ఎందుకండి, బాగానే తాగుతుంది. లీటరు పోస్తే వీధి చివర దాకా వస్తుంది. తెల్లది ఆ లీటరుతోనే రెండు ఊళ్ళు దాటిస్తుంది."

"అయితే ఎర్రదే మేలు. బాగా తాగే గేదే కదా బాగా పాలిస్తుంది" అని గవరయ్య తల ఊపినాడు.

సుభానీ నొసలు తుడుచుకొన్నాడు. ఇంతలో కోళ్ళు చెట్టుదిగి వచ్చి ఉలవలు తిననారంభించినవి. గుర్రాలు మొహమాటపడుతున్నవని నరసాంబ కోళ్ళను తోలుతూ నిలబడినది.

తరువాత ఊయల సంగతి వచ్చినది. ఎర్రకారులో వెనుకకు పోవాలంటే ముందరి కుర్చీ వంచి దూరవలెను. "ఊయల పడుతుందో లేదో తరువాత, ముందు నేను పడతానో లేదో చూస్తాను" అని నరసాంబ చీర కుచ్చెళ్ళు ఎగదోపి దూరినది. దూరినది గాని, సగములో బిగుసుకొనిపోయినది. ముందుకు రాదు, వెనుకకు పోదు. భర్త చేతులు పట్టి ఇటు లాగగా, మరిది "క్షమించు వదినా" అంటూ కాళ్ళు పట్టి అటు లాగినాడు. ఇద్దరూ సమానముగా లాగినందువలన ఆమె ఉన్నచోటనే ఉండిపోయినది.

"ఒకరే లాగండి మహాప్రభో!" అని సుభానీ అరిచినాడు.

ఒకరే లాగినారు. ఆమె ఊడివచ్చినది. జుట్టు సవరించుకొంటూ, "బండి గట్టిదేనండీ, పట్టు మంచిది" అని మెచ్చుకొన్నది.

తెల్లకారులో ఆ బాధ లేదు. సుభానీ వెనుక కుర్చీని మడిచినాడు. ఊయల అమాంతముగా పట్టినది. పట్టగా ఇంకా తాంబూలాల బుట్టకు చోటు మిగిలినది. నరసాంబ మనసు అక్కడే నిలిచిపోయినది. మగవారితో మాత్రము పైకి అనలేదు, ఇంకా పోల్చడము కాలేదు కదా!

"ఇంకో సంగతండి. దీనిలో ప్రాణాలు కాపాడే గాలిసంచులున్నాయి. ప్రమాదం జరిగితే టక్కున బయటికి వచ్చి మెత్తగా పట్టుకొంటాయి. ఎర్రదాంట్లో ఇవన్నీ లేవు, ఆ రోజుల్లో దేవుడే దిక్కు" అన్నాడు సుభానీ.

"ఏవీ, ఒకసారి చూపించు" అన్నాడు గవరయ్య.

"ప్రమాదం జరిగితే తప్ప రావండి."

"చూడకుండా కొనడం మా ఇంటా వంటా లేదు సుభానీ గారూ. ఒక చిన్న ప్రమాదం చేసి చూపించండి. ఆ కొబ్బరిచెట్టు మాదే, మొహమాటపడకండి."

సుభానీ తెల్లకారుకూ చెట్టుకూ మధ్యకు పరుగెత్తి చేతులు చాచి నిలబడినాడు. మాట మరలించడానికని కారును వెనుకకు నడిపి చూపినాడు. లోపలి బొమ్మలపలకలో వెనుక వీధి అంతా ప్రత్యక్షమైనది. దారి పొడుగునా పచ్చగీతలు కూడా కనబడినవి. ముందుకు నడుపగానే బొమ్మ మాయమైనది.

చిదంబరం దానిని చూచి చాలసేపు ఆలోచించినాడు. "అన్నయ్యా! ముందుకు పోతే దారి చూపదు. వెనక్కి పోతేనే గీతలు గీసి మరీ చూపుతోంది. అంటే ఈ బండి నడక అటువైపన్నమాట. మనకు అమ్మేవాడికే ఈ సంగతి తెలియదు, ఊరుకో."

అన్నదమ్ములు గుట్టుగా కన్నుగీటుకొన్నారు.

అప్పటికి పొద్దు బారెడెక్కినది. నరసాంబకు ఆదుర్దా మొదలైనది. "ఏమండీ, ముహూర్తం దాటిపోతుంది. ఏదో ఒకటి తేల్చండి."

"తేలుస్తున్నానుగా" అని గవరయ్య కండువా బిగించినాడు. "కొత్త ఎద్దు మంచిదో కాదో మా నాన్న ఎలా తేల్చేవాడు? పక్కన మరో ఎద్దును పెట్టి, ఒకే కాడికి కట్టి తోలేవాడు. ఏది ముందుకు లాగితే అది మేలైనది. చిదంబరం! కాడి పట్టుకురా."

"ఇవి ఎడ్లు కావు బాబూ!" అన్నాడు సుభానీ.

"ఎడ్లు కావని మాకు తెలియదా? గుర్రాలు. నువ్వే చెప్పావుగా" అన్నాడు చిదంబరం.

వాకిలి చాలదని రెండు కార్లనూ వీధికి ఆవల ఉన్న పోలయ్య కళ్ళములోనికి తోలినారు. మాసూళ్ళ కాలము, పంట ఇంటికి చేరే రోజులు. పోలయ్య వరిపనలు పరచి, తొక్కించడానికి ఎడ్లకై ఎదురుచూస్తూ చుట్ట కాలుస్తున్నాడు. కార్లను పక్కపక్కన నిలిపి, ముందరి కమ్మీలకు కాడిని కొబ్బరితాళ్ళతో బిగించినారు. "ఊయల కూడా పరీక్షలో ఉండాలండీ, పాప నిద్ర చెడకుండా ఏది నడుస్తుందో తెలుస్తుంది" అని నరసాంబ దానిని కాడి నడుమ వ్రేలాడదీయించి, పాపకు బదులు ఒక లేత సొరకాయకు గుడ్డ చుట్టి అందులో పడుకోబెట్టినది. బుగ్గచుక్క కూడా పెట్టినది. ట్రాక్టరు తోలిన చేతులు గనుక గవరయ్య ఎర్రదానిని, చిదంబరం తెల్లదానిని ఎక్కినారు.

"హై!" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది! ఎర్రది ఒక్క ఉరుము ఉరిమి ముందుకు దూకినది. తెల్లది తన మానాన తాను మెల్లగా కదలినది. ఒకవైపు ఎద్దు ముందుకు పోయి మరొకవైపు ఎద్దు వెనుకబడితే కాడి ఏమవుతుంది? తిరుగుతుంది. కాడితోపాటు కార్లూ తిరిగినవి. కళ్ళములో గుండ్రముగా గిరగిర తిరగనారంభించినవి.

"ఒరే చిదంబరం, ఎక్కడిదాకా వచ్చాం?" అని గవరయ్య కేకవేసినాడు.

"ఏదో ఊరు అన్నయ్యా! ఇక్కడ కూడా పోలయ్య లాంటివాడు ఒకడు చుట్ట కాలుస్తున్నాడు."

"అచ్చం అలాంటివాడే మళ్ళీ వచ్చాడురా!"

"ఈ దారిలో అందరూ పోలయ్యలే అన్నయ్యా, పెద్ద వంశం!"

నరసాంబ ఊయల వెంట పరుగెత్తుతూ, "జో జో" అని సొరకాయను ఓదార్చుతూ, మధ్యమధ్యన భర్తను హెచ్చరించుచున్నది: "ఏమండీ, మెల్లగా! పిల్ల ఉలిక్కిపడుతుంది!" సుభానీ గడ్డివామి ఎక్కి తలమీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. పోలయ్య మాత్రము చుట్ట పారవేసి, మహానందముగా పనలు తిరగవేయసాగినాడు. ఎడ్లు నాలుగు జాములు తొక్కవలసిన వరి కాఫీ తాగినంతసేపటిలో రాలిపోతున్నది.

"గవరయ్య గారండోయ్! అవతల ఇంకో కుప్ప ఉందండి, అదీ ఓ చుట్టు చుట్టేయండి!" అని అతడు అరుగు మీది పెళ్ళిపెద్ద వలె ఆనతులు ఇవ్వసాగినాడు.

ఎంతవరకు తిరిగేవారో గాని, ఎర్రకారు ఉన్నట్లుండి దగ్గినది, ముక్కినది, గుక్కతిప్పుకోలేక నిలిచిపోయినది. పెట్రోలు అంతయు తాగివేసినది. తెల్లది మాత్రము ఏమీ ఎరుగనట్లు నిలబడియే ఉన్నది. గడ్డివామి మీదనుండి సుభానీ దూకి, రెండు కార్ల తాళాలూ లాగుకొని జేబులో వేసుకొన్నాడు.

నరసాంబ కళ్ళలోని దుమ్ము తుడుచుకొని చుట్టూ చూచినది. అదే వీధి. అదే తన ఇల్లు. పొద్దు నడినెత్తికి చేరుతున్నది. "అయ్యో, ఇంత తిరిగినా గుమ్మడిలంక మనతోపాటే వచ్చేసిందండీ! రాజమండ్రి ఎక్కడా కనపడదేం?" అని ఆమె కళ్ళములో చతికిలబడి భోరున ఏడ్చినది. "నా మనుమరాలిని ఎవరి ఊయలలో వేస్తారో! మాట ఇచ్చానండీ!"

ఆ ఏడుపు వినబడుతుండగానే వీధిలో ఒక అద్దెబండి ఆగినది. సూర్యం దిగినాడు. వెనుక కోడలు హైమ, ఆమె చేతులలో పొత్తిగుడ్డలలో పాప. సూర్యం ఆ ఇంటి బిడ్డయే గాని, చదువుకొన్నది మేనమామగారి ఇంట. పొద్దుటినుండి ఫోను చేస్తే ఎవ్వరూ పలుకకపోయేసరికి, తనవారు ఆలోచనలో పడినారని గ్రహించి, ముహూర్తాన్ని వెంటబెట్టుకొని బయలుదేరినాడు.

"అమ్మా! ఇదేమిటి?" అన్నాడు, కాడికి కట్టిన కార్లను చూచి.

"పోలుస్తున్నాం నాయనా" అన్నది నరసాంబ వెక్కుతూ.

సూర్యం ఇక అడుగలేదు. అడిగితే చెబుతారని అతనికి తెలుసు. ఊయలను కాడినుండి విప్పి, ఇంటి వసారా దూలానికి కట్టినాడు. సొరకాయను తీసి గట్టున పెట్టినాడు. సరిగ్గా పదకొండు గంటలకు నరసాంబ రెండు చేతులతో మనుమరాలిని అందుకొని, తన మామగారి పేరు తలచుకొని, పనసకర్ర ఊయలలో వేసినది. పాప ఆమె చూపుడువేలు పట్టుకొని విడువలేదు. పోలయ్య భార్య జోల ఎత్తుకొన్నది. సుభానీ కూడా ఒకసారి ఊపి, జేబులోని తాళాలు భద్రముగా ఉన్నవో లేవో తడుముకొన్నాడు.

"పేరు ఏమనుకొన్నారమ్మా?" అని గవరయ్య కోడలిని అడిగినాడు.

"మేధ అనుకొన్నాం మామయ్యగారూ" అన్నది హైమ. ఆమె ఒకసారి మామగారివైపు, ఒకసారి చినమామగారివైపు, ఒకసారి కాడివైపు చూచి, "ఏమో, పేరైనా ముందు ఇంట్లోకి రానీండి" అన్నది.

"బంగారంలాంటి మాట! ఈ ఇంట్లో ఉన్నదానికే పేరు పెట్టారు" అని గవరయ్య పొంగిపోయినాడు.

భోజనాలైనవి. సొరకాయ పప్పులోనికి పోయినది. తెల్లకారే తమకు తగినదని ముగ్గురూ ఏకగ్రీవముగా తేల్చినారు: ఎర్రది తాగి పడుకొన్నది, తెల్లది తాగక నిలబడినది, మరి ఇంటికి ఏది పనికివస్తుంది? సుభానీ పొంగిపోయి దాని తాళము వారి చేతిలో పెట్టి, ఎర్రదానికి పెట్రోలు తేవడానికి పోలయ్య సైకిలు మీద పోయినాడు. ప్రయాణపు బడలికతో సూర్యమూ హైమా పాపను పక్కన వేసుకొని పడకగదిలో నడుము వాల్చినారు.

అంతవరకు అంతా చక్కగానే ఉన్నది. అయితే, నరసాంబ అరుగుమీద తాంబూలము నమలుతూ ఉన్నట్లుండి ఉలిక్కిపడినది.

"ఏమండీ! బారసాలకు తన ఇంటికి రమ్మని సూర్యం పిలిచాడు. తప్పకుండా వస్తామని మాట ఇచ్చాను. మనం వెళ్ళనే లేదు!"

గవరయ్య అదిరిపడినాడు. "నిజమే! పిల్లవాడు ఇంతదూరం వచ్చి మన ఇంట బారసాల చేశాడు. మనం వాడి ఇంటికి వెళ్ళకపోతే ఎంత చిన్నబుచ్చుకొంటాడు!"

"ఊయల కూడా తెమ్మన్నాడు" అని చిదంబరం గుర్తుచేసినాడు.

అంతే! ఊయలను విప్పి, తెల్లకారులో కుర్చీ మడిచి ఎక్కించినారు. నిద్రపోతున్నవారిని లేపడము మర్యాద కాదని అడుగుల చప్పుడు కాకుండా నడిచినారు. చిదంబరం తాళము తిప్పి, కారు నడక ఎటువైపో తనకు ముందే తెలుసు గనుక, వెనుకకు పోనిచ్చినాడు. బొమ్మలపలకలో దారి పచ్చగీతలతో కనబడినది. ఇంకేముంది! గుమ్మడిలంక నుండి రాజమహేంద్రవరము దాకా కారు వెనుకకే పోయినది. దారిలో ఎదురైన వారందరూ కేకలు వేసి చేతులూపినారు. నరసాంబ అందరికీ నమస్కారాలు పెట్టినది. "ఎంత మర్యాదస్తులండీ! మన మొగాలు వాళ్ళవైపే ఉన్నాయి కదా, మనం వెళ్ళిపోతుంటే వీడ్కోలు చెప్పడానికి ఎంత వీలుగా ఉన్నదో!"

పొద్దు వాలేసరికి సూర్యం ఇంటిముందు దిగినారు. తలుపుకు తాళము.

"చూశావా వదినా! పిలిచినవాళ్ళు ఇంట లేరు" అన్నాడు చిదంబరం నొచ్చుకొంటూ.

పొరుగింటావిడ గోడమీదుగా తొంగిచూచినది. "బారసాలకు వచ్చారా పిన్నిగారూ? మరి పాప ఏది?"

"పాపకేమమ్మా, మా ఇంట్లో హాయిగా నిద్రపోతున్నది. దానికి బారసాల పొద్దుటే అయిపోయింది. మాట ఇచ్చినది మేము కదా, అందుకని మేము మాత్రం వచ్చాము" అన్నది నరసాంబ.

ఆవిడ గోడ వెనుకకు మునిగిపోయినది. గవరయ్య ఊయలను సూర్యం వసారా కొక్కేలకు తగిలించినాడు. అప్పుడే నరసాంబ చేతిసంచిలో ఫోను మ్రోగినది.

"అమ్మా! ఎక్కడున్నారు మీరు?"

"మీ ఇంటి ముందే నాయనా. వచ్చి తలుపు తీయి."

"మేము గుమ్మడిలంకలో, మీ ఇంట్లో ఉన్నామమ్మా!"

"ఫరవాలేదు నాయనా, తొందరేం లేదు. తీరిగ్గానే తీయి."

అవతల సూర్యం వెనుక పాప గుక్కపట్టి ఏడుస్తున్నది. "అమ్మా, పాప లేచింది. ఊయల కోసం ఏడుస్తోంది. ఊయల కావాలమ్మా!"

నరసాంబ ముఖము వెలిగిపోయినది. "అయ్యో నా తల్లే! ఊయల ఇక్కడే ఉన్నదిగా. ఏమండీ, ఊపండి! చిదంబరం, అటువైపు పట్టుకో!"

అన్నదమ్ములు చెరొకవైపు నిలబడి ఉత్త ఊయలను ఊపసాగినారు. నరసాంబ ఫోనును ఊయలలో పాత చీరమీద పడుకోబెట్టి, వంగి, కమ్మగా జోల అందుకొన్నది. ఊయల ఊగినది. ఫోను ఊగినది. అవతల ఏడుపు మెల్లగా సన్నగిల్లినది, వెక్కిళ్ళైనది, ఆగిపోయినది. హైమ పాపను భుజాన వేసుకొని వీపు నిమురుతున్నదని వీరికి తెలియదు; తెలిసినా నమ్మేవారు కారు.

"పడుకొన్నదండీ" అని నరసాంబ నోటిమీద వేలు వేసుకొని గుసగుసలాడినది. ఆమె కళ్ళలో నీళ్ళు నిండినవి. "ఇక్కడ ఊపితే అక్కడ పడుకొన్నది. ఎంతైనా మన తెలివే వచ్చింది పిల్లకు!"

"మరి ఇక ఇంటికి వెళ్దామా వదినా?" అని చిదంబరం చేయి ఆపబోయినాడు.

"ఆగు! ఆపావంటే లేస్తుంది!"

అంతే. ముగ్గురూ ఊపుతూనే ఉన్నారు.